నిమ్మరసం ఎవరిస్తారు?

మన రాష్ట్రంలో నిరాహార దీక్షకో పద్ధతి ఉంది. ముందు టెంటు. టెంటులో పరుపు. పరుపు పక్కన తెల్లకోటు. పొద్దున బీపీ, మధ్యాహ్నం షుగరు, సాయంత్రం బరువు. పూటపూటకీ బులెటిన్. బయట అంబులెన్సు కాపలా. మూడో రోజుకి ‘క్షీణిస్తున్న ఆరోగ్యం’ అని టీవీలో ఎర్రక్షరాలు. నాలుగైదు రోజులకి పోలీసులు, స్ట్రెచరు, సెలైను. ఆఖర్న నిమ్మరసం. గ్లాసు పట్టుకోవడానికి ఓ పెద్దాయన. ఆ చేతిని ఫొటో తీయడానికి నలభై మంది.

ఇప్పుడు అనకాపల్లి గవరపాలెంలో అప్పారావనే ఓ మనిషి ఉన్నాడనుకోండి. యాభై రెండేళ్లు. షుగరు, బీపీ, కొంచెం బొజ్జ. ఫోన్లో ఏదో వీడియో చూసి ఇరవయ్యొక్క రోజుల నీళ్ల ఉపవాసం మొదలెట్టాడు. ఆయన పక్కన ఏముంటుంది? బిందె. బిందె పక్కన? చార్జింగు పెట్టిన ఫోను. బులెటిన్ ఎవరిస్తారు? వాళ్లావిడ ఇస్తుంది. ‘ఏటండీ, లేస్తే తూలిపోతన్నారు, కాస్త గంజైనా తాగండీ’ అంటుంది. అప్పారావు వినడు. ఎందుకు వింటాడు? ఆవిడకి లక్షల సబ్‌స్క్రైబర్లు లేరు కదా.

పెద్దల దీక్షలకి మాత్రం పార్టీ భేదం లేకుండా రాజవైద్యం. 2009 డిసెంబరులో కేసీఆర్ గారి దీక్ష హైదరాబాదు నిమ్స్‌లో సెలైన్ల మధ్య, బులెటిన్ల మధ్య నడిచింది. 2013 అక్టోబరులో చంద్రబాబుగారు ఢిల్లీలో కూర్చుంటే అయిదో రోజున ఆసుపత్రికి తరలించారు. 2015 అక్టోబరులో జగన్‌గారు గుంటూరులో కూర్చుంటే ఏడో రోజు తెల్లారకముందే పెద్దాసుపత్రికి మోసుకెళ్లి ఫ్లూయిడ్స్ ఎక్కించారు. ఇక మన ఎంపీ సీఎం రమేష్‌గారు. 2018 జూన్ 20న, అప్పటికింకా తెలుగుదేశం రాజ్యసభ సభ్యుడు, కడప ఉక్కు కోసం కడపలో దీక్షకి కూర్చున్నారు. రోజూ డాక్టర్లు వచ్చి చూశారు. పదకొండో రోజున ముఖ్యమంత్రి స్వయంగా వచ్చి నిమ్మరసం పట్టించారు. ఆ తర్వాత కడప ఉక్కుకి మూడుసార్లు శంకుస్థాపన అయింది. ఉక్కు సంగతి కడపవాళ్లు చూసుకుంటారు. మన సంగతి ఏమిటంటే, 2024 నుంచి ఆయన అనకాపల్లి ఎంపీ. పదకొండు రోజులు పస్తుండాలంటే మంచం పక్కన ఎవరుండాలో అనుభవం మీద తెలిసిన మనిషి. ఆ ముక్క ఊళ్లోవాళ్లకి కూడా చెవిలో వేయొచ్చు కదా సార్?

డాక్టర్లని పెట్టుకోవడం తప్పని ఎవరన్నారు? అదే ఒప్పు. ఆ ఒప్పు టెంటు దాటి బయటికి రాదేం?

గాంధీగారి కంటే ఉపవాసం తెలిసినవాళ్లు ఈ దేశంలో లేరు. 1943 ఫిబ్రవరిలో ఆగాఖాన్ ప్యాలెస్‌లో 21 రోజులకి కూర్చున్నప్పుడు ఆయన చుట్టూ బి.సి.రాయ్, గిల్డర్, సుశీలా నయ్యర్. అందరూ డాక్టర్లే. నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే బత్తాయి రసం కలుపుకోవడానికి ఒప్పుకున్నారు. మహాత్ముడికే పట్టింపు లేదు. అప్పారావుకి ఉంది. వీడియోలో గురువుగారు బత్తాయి వద్దన్నారు మరి.

పొట్టి శ్రీరాములుగారి పేరెత్తకండి. ఆయన 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారింట్లో దీక్ష పట్టారు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ప్రాణం పోతుందని తెలిసి కూర్చున్న మనిషి. రాష్ట్రం అడిగారు. మీరడుగుతున్నదేమిటి? ప్యాంటు నడుము రెండంగుళాలు.

2018లోనే ఢిల్లీలో కొందరు ఎంపీలు ముచ్చట్లాడుకున్న వీడియో ఒకటి బయటపడింది. అయిదు కిలోలు తగ్గాలనుంది, ఓ వారం దీక్ష చేస్తానన్నాడు ఒకాయన. రాష్ట్రం పొట్ట పట్టుకుని నవ్వింది. సరదాగా అన్నామని తర్వాత సర్దుకున్నారు. పాపం, ముందుచూపున్న మాట. ఆనాటి సరదా ఇవాళ శిబిరమైంది, ప్యాకేజీ అయింది, ‘ముందు - తర్వాత’ ఫొటో అయింది.

లంఖణం పరమౌషధం. ఈ రెండు మాటలు, ఒక మైకు. వైద్యుడు తయార్. షుగరు పోతుంది. బీపీ పోతుంది. థైరాయిడ్ పోతుంది. క్యాన్సర్ కణాలు ఆకలికి మాడి చస్తాయి. ఇంకేం, జపాను శాస్త్రజ్ఞుడికి నోబెలే వచ్చింది కదా! వచ్చింది. 2016లో ఒసుమిగారికి వచ్చింది. కణం తన చెత్తని తానే ఎలా అరగించుకుంటుందో ఈస్టు మీద కనిపెట్టినందుకు. ఈస్టు అంటే పిండి పులియబెట్టేది. దానికి భార్యాపిల్లలు లేరు. షుగరు మాత్రలు లేవు. గవరపాలెంలో అప్పారావుని మూడు వారాలు పస్తుంచమని ఒసుమిగారు ఏ కాగితంలోనూ రాయలేదు.

గురువుగారి వాక్చాతుర్యం మాత్రం మెచ్చుకోవాలి. ఆయన నిఘంటువులో ప్రతి ప్రమాదమూ శుభసూచనే. కళ్లు తిరుగుతున్నాయా? విషాలు కదులుతున్నాయి. వాంతులా? విషాలు పోతున్నాయి. గుండె దడా? ప్రాణశక్తి మేలుకుంటోంది. స్పృహ తప్పిందా? సమాధి దాకా వెళ్లొచ్చావు నాయనా, అదృష్టవంతుడివి. నిజంగా సమాధి దాకా పోతే? ‘ఆయన నియమాలు సరిగ్గా పాటించలేదు.’ గెలిస్తే గురువు, చస్తే శిష్యుడు. ఇంత పకడ్బందీ వ్యాపారం మన అనకాపల్లి బెల్లం మార్కెట్లో కూడా లేదు. అక్కడ దిమ్మ పగలగొట్టి చూపిస్తారు.

వీడియో అరగంట. ఆ అరగంటా డాక్టర్లు దోపిడీగాళ్లు, మందుల కంపెనీలు రాక్షసులు. కింద చీమతలకాయంత అక్షరాల్లో: ‘ఇది సమాచారం కోసమే. మీ వైద్యుని సంప్రదించండి.’ ఎవర్ని సంప్రదించాలి? ఆ దోపిడీగాణ్నేనా? ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి గురువుగారూ. తమ ఇంట్లో ఎవరికైనా నడిరాత్రి గుండె పట్టేస్తే కుండలో నీళ్లు ముంచుతారా, కారు తాళాలు వెతుకుతారా?

లోపల ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఒక రోజు గడిచేసరికి కాలేయంలో దాచుకున్న చక్కెర దాదాపు అయిపోతుంది. ఒళ్లు కొవ్వు కరిగించడం మొదలెడుతుంది. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మొదటి వారంలో నాలుగు కిలోలు దిగాయని చంకలు గుద్దుకుంటాం. దిగినదాంట్లో ఎక్కువ భాగం నీరు, ఉప్పు. ఉప్పుతో పాటు బీపీ దిగుతుంది. లేచి నిలబడితే పడతాం. యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. కీళ్లవాతం ఉన్నవాడికి నరకం కనిపిస్తుంది.

అప్పారావు మాత్రల డబ్బా తెరవండి. గ్లిమెపిరైడ్ ఉందా? తిండి ఉన్నా లేకపోయినా అది క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీయిస్తుంది. పస్తున్న ఒంట్లో షుగరు నలభైకి పడితే మనిషి మంచం మీదే చల్లబడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ ఉందా? ఈమధ్య చవకైపోయి ఇంటింటా ఉంది. అది వేసుకుంటూ కడుపు మాడ్చుకుంటే మీటరులో షుగరు మామూలుగానే కనపడుతుంది, లోపల రక్తం ఆమ్లమైపోతుంటుంది. ఒంట్లో నీరు తీసే బీపీ మాత్ర ఉందా? అసలే దిగిన బీపీని అది ఇంకా దింపుతుంది. సరే, అన్నీ మానేద్దామా? ఇన్సులిన్ మీద బతికేవాడు మానేస్తే అదో చావు. ఏది ఆపాలి, ఏది సగం చేయాలి, ఏది ముట్టుకోకూడదు? చెప్పాల్సింది డాక్టరు. చెబుతున్నది తంబ్‌నెయిలు.

‘382 రోజులు తినకుండా ఉన్న మనిషి’ అని ఓ కథ తిప్పుతుంటారు. నిజమే. స్కాట్లండ్‌లో ఆంగస్ బార్బియరి. 1965-66లో. 207 కిలోల నుంచి 82కి దిగాడు. గురువులు మింగేసిన సగం నేను చెబుతాను. ఆయన డండీలో ఆసుపత్రి డాక్టర్ల చేతిలో ఉన్నాడు. విటమిన్లిచ్చారు. పొటాషియం ఇచ్చారు. సోడియం ఇచ్చారు. రక్తం, మూత్రం పరీక్షిస్తూ వచ్చారు. పైగా రెండొందల కిలోల మనిషికి ఒంట్లో గిడ్డంగి ఉంది. మన అప్పారావు 78 కిలోలు. ఆ దశాబ్దంలో పస్తు వైద్యం పెద్ద ఫ్యాషను. డాక్టర్ల కళ్లముందే కొందరు పోయారు. ఇరవయ్యేళ్ల అమ్మాయి ఒకామె పస్తంతా గట్టెక్కి, తిండి మొదలెట్టాక పోయింది. 1969లో లాన్సెట్ పత్రిక ఆ గుండె కండరం ఎలా పీలికలైందో అచ్చేసింది. ఈ సగానికి ఎవరూ రీలు చేయరు.

తిండి మొదలెట్టాక. ఆ మాట దగ్గర ఆగండి. అసలు గండం అక్కడుంది.

మనకి ఉపవాసం కష్టం, విడవడం పండగ. నిమ్మరసం, చప్పట్లు, దండ. వైద్యం లెక్కలో వరస వేరు. రోజుల తరబడి పస్తున్న ఒంట్లోకి పిండిపదార్థం, తీపి ఒక్కసారి పడితే ఇన్సులిన్ ఎగసిపడుతుంది. రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి దూరిపోతాయి. రక్తం ఖాళీ. గుండె లయ తప్పుతుంది. ఊపిరికండరాలు సహకరించవు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జపాను చెరలోంచి బయటపడ్డ ఖైదీల్లో దీన్ని చూశారు. ఆకలితో చావనివాళ్లు అన్నంతో చచ్చారు. అందుకే బ్రిటన్ వైద్య నియమాల్లో స్పష్టంగా రాశారు. అయిదు రోజులకి మించి దాదాపు ఏమీ తినని మనిషికి మొదట్లో సగం తిండికి మించి పెట్టొద్దు. పది రోజులు దాటితే కిలో బరువుకి రోజుకి పది కేలరీలతో మొదలెట్టు. ముందు థయమిన్ ఇవ్వు. నాలుగు నుంచి ఏడు రోజుల మీద మెల్లగా పెంచు. అరవై కిలోల మనిషికి రోజు మొత్తానికి ఆరొందల కేలరీలన్నమాట. రక్తపరీక్షల మధ్య.

మనది ఏ ఊరు? బెల్లం ఊరు. దేశంలో పేరుమోసిన బెల్లం మార్కెట్. ఇరవై రెండో రోజు పొద్దున అప్పారావు చేతికి మొదట అందేది ఏమిటి? పానకం. లేదా రోడ్డు మీద చెరుకురసం. పైగా ‘నేచురల్’ కదా, ఏటైపోద్ది? ఒక గ్లాసు చాలదు, ఇంకోటి. మధ్యాహ్నం బంధువులు. పులిహోర, బూరెలు. ఇరవయ్యొక్క రోజులు ఓపిక పట్టిన భార్య, ఇన్నాళ్లకి తింటున్నాడని కొసరి కొసరి వడ్డిస్తుంది. గురువుగారి వీడియో ఇరవయ్యొకటో రోజుతో అయిపోయింది. తర్వాతి భాగం కావాలంటే మెంబర్‌షిప్ తీసుకోవాలి.

ఇది మన పెద్దలకి తెలియని విద్య కాదు. సన్నిపాత జ్వరం వస్తే లంఖణాలు కట్టించేవారు. నిజమే. కానీ పథ్యం పెట్టే రోజు వైద్యుడొచ్చి నాడి చూడకుండా మెతుకు ముట్టనిచ్చేవారు కాదు. ముందు పల్చటి గంజి. తర్వాత మెత్తన్నం. బీరకాయ కూర. ఆయుర్వేదంలోనూ అంతే. పేయ, ఆపైన విలేపి, ఆపైన మిగతావి, మెట్టు మెట్టుగా. ఎవరికి లంఖణం పనికిరాదో, మితిమీరితే ఏమవుతుందో చరకుడు రాసే పెట్టాడు. పరమౌషధం సగం గురువులకి దొరికింది. పథ్యం సగం ఎడిటింగులో పోయింది.

అన్నట్టు, ఈ ఊరికి ఉపవాసం నేర్పడానికి బయటి గురువులెందుకండీ? శంకరం వెళ్లండి. బొజ్జన్నకొండ ఎక్కండి. ఏళ్ల తరబడి కడుపు మాడ్చుకుని, డొక్క వెన్నుకంటుకుపోయాక, ఇది దారి కాదని లేచి సుజాత పెట్టిన పాయసం తిన్న బుద్ధుడి కొండ అది. మనమేం చేశాం? కనుమ నాడు అదే కొండ మీద బొజ్జలా ఉన్న దిబ్బని రాక్షసుడి పొట్ట అనుకుని రాళ్లు రువ్వాం. పొట్ట మీద మనకున్న కక్ష ఈనాటిది కాదు.

నవ్వు ఇక్కడితో ఆపుదాం. 2016. సికింద్రాబాదు. పదమూడేళ్ల పిల్ల. ఎనిమిదో తరగతి. నీళ్ల మీద 68 రోజుల తపస్సు. మీరు చదివింది సరిగ్గానే చదివారు, 68. ఆ పిల్లతో సెల్ఫీలు దిగారు. పారణ ఉత్సవానికి పత్రికలో ప్రకటన వేశారు. ముఖ్య అతిథిగా రాష్ట్ర మంత్రిగారి పేరు. ఉపవాసం విడిచిన రెండు రోజులకి ఆసుపత్రి. గుండె ఆగిపోయింది. బాల తపస్వి అని ఊరేగింపుగా తీసుకెళ్లారు. ఆ తర్వాత పోలీసులు కేసు పెట్టారు. ఆ తర్వాత. 68 రోజులు పిల్ల బడికి రాకపోతే అడిగినవాళ్లేరీ? ప్రకటనలో మంత్రి పేరు అచ్చేస్తే, ‘పిల్ల వయసెంత?’ అని ఆ కార్యాలయంలో ఒక్క గుమాస్తా అయినా అడిగాడా? నాయకుడు నాలుగో రోజుకి నీరసిస్తే పోలీసులు తలుపులు బద్దలు కొట్టుకుని వస్తారు. పిల్లకి 68 రోజులు ఇచ్చారు.

పాత సంగతే కదా అంటారా? 2025 మార్చిలో కేరళలో, కన్నూరు జిల్లాలో పద్దెనిమిదేళ్ల అమ్మాయి పోయింది. లావైపోతానన్న భయం. ఫోన్లో చూసిన డైటు. చివరికి వేడినీళ్లే తిండి.

వందేళ్ల కిందట అమెరికాలో లిండా హజార్డ్ అని ఓ పస్తు వైద్యురాలు ఉండేది. ఆమె చేతిలో రోగులు అస్థిపంజరాలై పోయారు. 1912లో కోర్టు నరహత్య కింద జైలుకి పంపింది. తిరిగొచ్చి మళ్లీ దుకాణం తెరిచింది. చివరికి 1938లో జబ్బు చేస్తే తన వైద్యం తనకే చేసుకుని చచ్చిపోయింది. మన గురువుల కంటే నయం. కనీసం తన సరుకు తాను వాడింది.

చట్టం లేదా? 1954 నుంచి ఉంది. అద్భుత ఔషధాల ప్రకటనల మీద నిషేధం. షుగరు, ఊబకాయం, బీపీ, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించకూడదని జాబితాలో ఉంది. మొదటి తప్పుకి ఆరు నెలల దాకా జైలు. మందుని అలా ప్రకటిస్తే పట్టుకోవచ్చు. తాయెత్తుని ప్రకటించినా పట్టుకోవచ్చు. ‘ఏమీ తినకు’ అని అమ్మేవాణ్ని ఏ సెక్షన్ కింద పట్టుకుంటారు? ఊళ్లో ఉపవాస శిబిరం పెడితే షామియానాకి అనుమతి అడుగుతారు. మైకుకి అడుగుతారు. లోపల ఒక్క డాక్టరైనా ఉన్నాడా అని ఎవరడిగారు? ప్రకృతి వైద్యం తప్పనడం లేదు. అయిదున్నరేళ్లు చదివి పట్టా తెచ్చుకున్న ప్రకృతి వైద్యులున్నారు. బరువు, షుగరు, క్రియాటినిన్, పొటాషియం, ఈసీజీ చూడకుండా వాళ్లు పస్తు పెట్టరు. గర్భిణికి, బాలింతకి, పిల్లలకి, బక్కపల్చటివాళ్లకి, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకి, కిడ్నీ జబ్బువాళ్లకి వద్దు పొమ్మంటారు. అందుకే వాళ్లకి వ్యూస్ రావు.

డాక్టర్ని అడగమంటున్నావు, డాక్టరేడీ అంటారా? అదీ నిజమే. జిల్లాకి పెద్ద వైద్య కళాశాల వస్తోందని 2022 డిసెంబరు 30న నర్సీపట్నంలో శంకుస్థాపన చేశారు. అయిదొందల కోట్లన్నారు. ప్రభుత్వం మారింది. 2025లో మాకవరపాలెం దగ్గర ఆ కళాశాల సగం లేచిన గోడల ముందు నిలబడి ఒకరు మేమే కట్టామన్నారు, ఇంకొకరు అసలు జీవోనే లేదన్నారు. జీవో ఉందో లేదో తేలేలోగా బోలెడంత మంది అప్పారావులు ఫోన్లో చదువుకుని పాసైపోతారు.

కాబట్టి గురువుగారూ, ఒకే ఒక్క ప్రశ్న. తొమ్మిదో రాత్రి. రెండు గంటలు. అప్పారావుకి చెమటలు. గుండె లయ తప్పింది. మాట తడబడుతోంది. వాళ్లావిడ చేతులు వణుకుతున్నాయి. తమరి నంబరుకి చేసింది. ‘మీరు ప్రయత్నిస్తున్న వినియోగదారుడు స్విచ్ఛాఫ్ చేసియున్నారు.’ తమ శిబిరం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. నాలుగు దండం బొమ్మలొచ్చాయి. ఒకాయన ‘విషాలు పోతున్నాయమ్మా, ధైర్యంగా ఉండండి’ అని రాశాడు. ఇక ఎవరికి చేయాలో చెప్పండి.

108కా? బావుంది. బండి వస్తుంది. అప్పారావుని ఎక్కించుకుంటుంది. తమరు తొమ్మిది రోజులుగా వెళ్లొద్దన్న చోటికే తీసుకెళ్తుంది.